బెల్టు ఫ్యానూ కరెంటు ఫ్యానూ

క్వారీ క్యాంపు
మార్చి 4

మామయ్యకి,

నీ పిడుగు రాసేది. నేను బాగానే ఉన్నాను, బండే బాగాలేదు. ముందు బండి సంగతే రాసేస్తాను. నా ఆరోగ్యం గురించి మొదలుపెడితే నువ్వు ఆ లైన్లు దాటేసి బండి ఎక్కడుందా అని కిందకి వెతుక్కుంటావని నాకు తెలుసు.

నువ్విచ్చిన లారీ ఇక్కడ రోజూ మరుగుతోంది. గుంటలో రాయి ఎత్తుకుని క్రషరు దాకా ఎక్కాలి. రెండు కిలోమీటర్ల ఎక్కుడు దారి, రెండో గేరు దాటే పని లేదు. పైకెక్కాక రాయి దింపడానికి క్యూ. నా ముందు ఎప్పుడూ పది పదిహేను బళ్ళుంటాయి. రెండు నిమిషాలకోసారి ఒక బండి పొడుగు జరగాలి కాబట్టి ఇంజన్ ఆపడానికి లేదు. సరిగ్గా ఆ క్యూలోనే వేడి చూపే ముల్లు ఎర్ర గీత దాటుతోంది. మొన్న రేడియేటరు మూత దగ్గర ఆవిరి లేచి, బండి దారికి అడ్డంగా ఆగిపోయింది. వెనక బళ్ళవాళ్ళంతా దిగి నన్నూ, నిన్నూ, బండి తయారుచేసినవాణ్ణీ కలిపి తిట్టారు. సూపర్‌వైజరు వచ్చి, ఇంకో రెండుసార్లు ఇలా జరిగితే నా బండి తీసేసి వేరే బండి పెట్టుకుంటానన్నాడు. ఒకసారి తీసేశారంటే ఈ ఏడాదికి మళ్ళీ పిలవరు.

ఇక్కడ వైరింగు మేస్త్రి ఒకాయన ఉన్నాడు. బానెట్టు ఎత్తి చూసి, ఈ బెల్టు ఫ్యాను పీకేసి రెండు కరెంటు ఫ్యాన్లు పెట్టించుకోమన్నాడు. బెల్టు ఫ్యాను ఇంజన్ ఎంత తిరిగితే అంతే తిరుగుతుంది కదా, క్యూలో ఇంజన్ కునుకు తీస్తే అదీ తీస్తుంది. కరెంటుదైతే బ్యాటరీ మీద నడుస్తుంది కాబట్టి ఇంజన్ ఎంత నెమ్మదిగా ఉన్నా దాని పని అది చేసుకుపోతుందట. మా మామయ్యని అడక్కుండా ఆ బండిలో నట్టు కూడా తిప్పనివ్వనని చెప్పి వచ్చేశాను. ఆయన నవ్వాడు.

ఫోను చేద్దామంటే నీకు వినపడదు. అమ్మని మధ్యలో పెడదామంటే ఆవిడకి బానెట్టు కింద ఉన్నదంతా ఇంజనే. అందుకే ఈ ఉత్తరం. పోస్టు జీపు ఇక్కడికి వారానికి రెండుసార్లే వస్తుంది, ఆలస్యం చెయ్యకు.

నీ పిడుగు


ఇల్లు
మార్చి 10

పిడుగుకి,

నీ ఉత్తరం ముందు మీ అమ్మ చదివింది. నీ ఒంటి సంగతి ఒక్క ముక్క లేదని నన్ను తిట్టింది. నేను పెదవులు చూసి మాటలు పట్టేస్తున్నానని కనిపెట్టి, ఈ మధ్య వెనక్కి తిరిగి తిడుతోంది. వీపు చూసి తిట్టు పోల్చుకోవడం కూడా నేర్చుకుంటున్నాను. మా అక్క నాకు చదువు మాన్పించదు.

ఇక అసలు మాట. ఆ ఫ్యాను జోలికి పోకు.

బెల్టు ఫ్యానుకి వైరు లేదు, ఫ్యూజు లేదు, బ్యాటరీ గొడవ లేదు. ఇంజన్ తిరిగితే తిరుగుతుంది, ఇంజన్ ఆగితే ఆగుతుంది. అంత నమ్మకస్తులు మన చుట్టాల్లోనే లేరు. కరెంటుదైతే ఎత్తు మధ్యలో ఫ్యూజు పోయిందనుకో, నీకు తెలిసేలోపు ఇంజన్ హెడ్డు పగిలిపోతుంది. అప్పుడు మీ వైరింగు మేస్త్రి నవ్వుతూ వస్తాడు.

నీ బండికొచ్చిన రోగం వేరు. ఫ్యాను నడిమధ్యన గుండ్రంగా డబ్బాలాంటిది ఉంటుంది చూడు, అది ఫ్యాను క్లచ్చు. లోపల చిక్కటి నూనె ఉంటుంది. వేడెక్కితే ఆ నూనె ఫ్యానుని గట్టిగా పట్టుకుని తిప్పుతుంది. నూనె కారిపోతే పట్టు పోతుంది, ఫ్యాను మొక్కుబడిగా తిరుగుతుంది. అది ఎలా చూడాలో చెప్తాను, జాగ్రత్తగా చదువు. బండి బాగా వేడెక్కాక ఇంజన్ ఆపు. ఆపగానే, చల్లారకముందే, లోపలికి చెయ్యి పెట్టి రెక్కని వేలితో తోసి చూడు. బద్ధకంగా, బరువుగా కదిలితే క్లచ్చు బతికుంది. గిర్రున తిరిగిందంటే చచ్చింది. తొంగి చూడాలని పాకులాడకు. పైనుంచి రేకు అడ్డం, అక్కడ చీకటి తప్ప ఏమీ కనపడదు. కళ్ళు మూసుకుని చేత్తో చూడాలి.

ఆ ఫ్యాను హోరు పక్కన నలభై ఏళ్ళు తల పెట్టే చెవులు పోగొట్టుకున్నానని మీ అమ్మ అంటుంది. నిజమే అయ్యుండొచ్చు. అయితేనేం, చెవులు మూసుకుపోయాక అరచెయ్యి తెరుచుకుంది. ఇప్పటికీ వీధిలో ఎవరి బండి మొరాయించినా నా గుమ్మం ముందే ఆపుతారు. కళ్ళు మూసుకుని చెయ్యి ఆనిస్తే ఏ సిలిండరు మూలుగుతోందో అదే చెప్పేస్తుంది. నిన్న వీధి చివర పళ్ళ డాక్టరు కారు తెచ్చాడు. రెండు కంపెనీ షెడ్లలో దొరకని జబ్బు పట్టుకున్నాను. నొప్పి తెలియకుండా పీకేశారు మీరు అన్నాడు. ఆయన పెదవులు చదవడం తేలిక, రోజంతా నోరు తెరవమని చెప్పే మనిషి కదా.

నా ఇనుప పెట్టెలో ఒక పాత క్లచ్చు ఉంది. విప్పి, కడిగి, సీలు మార్చి, కొత్త నూనె పోసి పార్శిలు చేస్తాను. నువ్వు ఓపిక పట్టాలి, నీకు ఆ అలవాటు లేదని తెలిసీ అడుగుతున్నాను.

మీ మామయ్య


క్వారీ క్యాంపు
మార్చి 17

మామయ్యకి,

నువ్వు చెప్పినట్టే వేడి మీద ఇంజన్ ఆపి, కళ్ళు మూసుకుని వేలితో తోశాను. గిర్రున తిరిగింది. మూడు చుట్లు లెక్కపెట్టాను. ఇంత దూరాన కూర్చుని రోగం చెప్పేశావు, అందుకు నీకో దణ్ణం.

పార్శిలు మాత్రం రాలేదు. ఈలోగా బండి మళ్ళీ రెండుసార్లు మరిగింది. రెండోసారి సూపర్‌వైజరు అరవలేదు, అదే నాకు భయం. అరిచే మనిషి అరవకుండా కాగితం మీద ఏదో రాసుకుని వెళ్ళాడు. సోమవారం దాకా గడువు ఇచ్చాడు. సోమవారం క్యూలో ఆవిరి కనపడిందంటే నేను సామాను సర్దుకోవడమే. నాకు ముందు నుయ్యి, వెనక గొయ్యి. పార్శిలు కోసం ఆగితే పని పోతుంది, ఆగకపోతే నీకు కోపం వస్తుంది.

ఇంకో మాట. కొత్త క్లచ్చు వేసినా, క్యూలో ఇంజన్ నెమ్మదిగా తిరిగినప్పుడు ఫ్యానూ నెమ్మదే కదా? మొదటి ఉత్తరంలో నేను అడిగింది అదే. నాలుగు పేజీలు రాశావు, దానికి జవాబు రాయలేదు. నువ్వు ఆ ఫ్యాను గురించి రాస్తుంటే ఫ్యాను గురించి రాసినట్టు లేదు మామయ్యా, నీ గురించి రాసుకున్నట్టుంది. పాతదాన్ని పీకేయమన్నవాళ్ళంతా నిన్ను పీకేయమన్నట్టు మాట్లాడతావు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే రకం నువ్వు. ఆ కుందేలు మీద కూర్చుని కొండెక్కాల్సింది నేను.

చిరాకులో రాస్తున్నాను. అమ్మకి ఈ పేజీ చూపించకు.

నీ పిడుగు


ఇల్లు
మార్చి 22

అమ్మాయికి,

ఉత్తరం అందింది.

పార్శిలు పంపి తొమ్మిది రోజులైంది. అది దారిలో ఎక్కడ కూర్చుందో దాన్నే అడగాలి.

బండి నీది. ఇచ్చేశాక అందులో నాకు మాట ఉండకూడదు, తప్పు నాదే. నీకు ఏది మంచిదనిపిస్తే అది పెట్టించుకో. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టని అంటారు. ఇక్కడ చెవిటివాడే శంఖం ఊదుతున్నాడు, వినేవాళ్ళు లేరు.

నా గురించి రాసుకున్నానన్నావు. కావచ్చు. నా దగ్గర ఇంకేముంది రాయడానికి?

మీ అమ్మ కులాసా.

మామయ్య


(పోస్టు చేయనిది)
క్వారీ క్యాంపు
మార్చి 25

మామయ్యకి,

ఈ ఉత్తరం క్యూలో కూర్చుని, స్టీరింగు మీద అట్ట పెట్టుకుని రాస్తున్నాను. నా ముందు పదకొండు బళ్ళున్నాయి. ముల్లు మధ్యలో ఉంది.

చెప్పేస్తున్నాను. శనివారమే కరెంటు ఫ్యాన్లు పెట్టించేశాను. సోమవారం గడువు, నీ పార్శిలు రాలేదు, ఇంకేం చెయ్యను? పాత ఫ్యాను విప్పుతుంటే పక్కనే నిలబడ్డాను. వైరింగు మేస్త్రి దాన్ని పాత ఇనుములో విసరబోతే తిట్టి లాక్కున్నాను. గోనెసంచిలో చుట్టి సీటు వెనక పెట్టాను. పైరేకు పాతదే ఉంచి, దాని లోపలే రెండు కొత్త ఫ్యాన్లూ అమర్చాడు. బానెట్టు ఎత్తి చూస్తే తేడా ఏమీ తెలియదు. బెల్టు కూడా నీళ్ళ పంపు కోసం అలాగే ఉంది.

బాగా పనిచేస్తున్నాయి మామయ్యా. నిన్న క్యూలో గంటన్నర నిలబడ్డాను, ఆవిరి లేదు. తమాషా ఏంటంటే, ఇంజన్ ఆపేసి దిగిపోయినా, ఒకటి రెండు నిమిషాలయ్యాక వాటంతటవే లేచి కాసేపు తిరుగుతాయి. లోపల మిగిలిన వేడి తగ్గించడానికట. బండి పని దిగి ఒళ్ళు విరుచుకుంటున్నట్టుంటుంది. నువ్వు చూస్తే నవ్వుతావు.

నీ పార్శిలు ఇవాళ పొద్దున వచ్చింది. క్లచ్చు అద్దంలా ఉంది. దాన్ని మెత్తటి బట్టలో చుట్టి, ఆ బట్టకి ముడి కూడా నువ్వే వేసి ఉంటావు, నీ ముడి నాకు తెలుసు. విప్పాక చాలాసేపు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. వెనక బండివాడు హారను కొట్టేదాకా లేవలేదు.

కోపం వస్తే తిట్టు. కానీ రాసి తిట్టు.

నీ పిడుగు


క్వారీ క్యాంపు
మార్చి 28

మామయ్యకి,

నీ 22వ తారీఖు ఉత్తరం అందింది. నేను అలా రాయకుండా ఉండాల్సింది. నా నోటికి బ్రేకులు వెయ్యడం ఒక్కటే నువ్వు నేర్పలేదు.

నీ పార్శిలు అందింది. క్లచ్చు అద్దంలా ఉంది. ఇప్పుడు బండి మరగడం లేదు. సోమవారం గడువు దాటింది, సూపర్‌వైజరు నా బండి చుట్టూ ఒకసారి తిరిగి వెళ్ళిపోయాడు. నా నంబరు క్యూలోనే ఉంది. నువ్వు చెప్పిన రోగమే, నువ్వు చెప్పినట్టే. ఇక ఆ సంగతి వదిలెయ్.

నువ్వు వేళకి తింటున్నావా? అమ్మ మోకాలు ఎలా ఉంది?

నీ పిడుగు


క్వారీ క్యాంపు
ఏప్రిల్ 2

మామయ్యకి,

రెండు ముక్కలే. క్రషరు పళ్ళు అరిగిపోయాయట, మార్చడానికి వారం రోజులు ఆపేస్తున్నారు. 8వ తారీఖు మధ్యాహ్నానికి బండి వేసుకుని ఇంటికి వస్తాను.

వచ్చాక నీతో ఒక మాట చెప్పాలి. ఉత్తరంలో రాసేది కాదు. నా ముఖం చూస్తూ వినాలి.

నీ పిడుగు


ఇల్లు
ఏప్రిల్ 4

పిడుగు తల్లికి,

నీ 28వ తారీఖు ఉత్తరం నిన్న వచ్చింది. మూడుసార్లు చదివి, నాలుగోసారి పళ్ళ డాక్టరుకి చదివి వినిపించాను. నా గొంతు ఎంత పెద్దగా వస్తుందో నాకు తెలియదు కదా, వీధంతా గుమ్మాల్లోకి వచ్చిందని మీ అమ్మ సైగ చేసింది. రానీ. నా చేతి క్లచ్చు కొండెక్కుతోందని అందరికీ తెలియాల్సిందే.

గెలిచాను కాబట్టి ఇప్పుడు నిజం ఒప్పుకుంటాను. ఓడిపోతే చచ్చినా ఒప్పుకోను, నా సంగతి నీకు తెలుసు.

నీ ప్రశ్నకి నేను జవాబు ఎగ్గొట్టాను. తెలియక కాదు, తెలిసే. నువ్వు అన్న మాట నిజం. ఇంజన్ నెమ్మదిగా తిరిగేచోట బెల్టు ఫ్యాను సరిపోదు. నున్నటి రోడ్డు మీద బరువేసుకుని వందల కిలోమీటర్లు లాగే బండికి దాన్ని మించింది లేదు. గంటల తరబడి క్యూలో నిలబడే బండికి కరెంటుదే సరైనది. మొన్న చౌరస్తా దగ్గర కొత్త షెడ్డుకి వెళ్ళి ఆ ఫ్యాను చూసి వచ్చాను. షెడ్డువాడు నన్ను చూసి లేచి నిలబడ్డాడు, పాపం ఎప్పుడో నా దగ్గర పని నేర్చుకున్నవాడట, నాకు గుర్తులేడు. గాలి బాగా లాగుతోంది. మోటారు మీద చెయ్యి ఆనిస్తే పిల్లికూన గుర్రు పెట్టినట్టుంది. నువ్వు దాన్నే పెట్టించుకుని ఉన్నా రెండు రోజులు మొహం మాడ్చుకునేవాణ్ణి, అంతే. మూడో రోజు దాని గురించి అడిగేవాణ్ణి. వచ్చే ఏడు మనిద్దరం కలిసి అదే పెట్టిద్దాం. నేనే దగ్గరుండి బిగిస్తాను.

కానీ ఒక్క మాట, ఇది మాత్రం గుర్తుంచుకో. ఆ ఫ్యానుకి ఇంజన్ ఆగినా ప్రాణం పోదు. మనం ఆపేశాం కదా అనుకుంటాం, అది వేడి చూసుకుని మళ్ళీ లేస్తుంది. షెడ్డులో ఇంజన్ ఆపగానే నేను అలవాటుకొద్దీ లోపలికి చెయ్యి పెట్టబోయాను. షెడ్డువాడు నా భుజం పట్టి వెనక్కి లాగాడు. నిమిషం గడవలేదు, అది తిరిగింది. చెవులున్నవాడికి లోపల టిక్కుమని చప్పుడైనా ముందు వినపడుతుందట. నాకు అదీ లేదు. నలభై ఏళ్ళు బెల్టు ఫ్యానుతో కాపురం చేసిన చెయ్యి ఇది. ఇంజన్ ఆగిందంటే నన్ను అడక్కుండానే లోపలికి పోతుంది. కాబట్టి నీ బండికి అది పెట్టించే రోజు ముందు నాకు చెప్పు. చెప్పాకే నేను బానెట్టు ముట్టుకుంటాను.

మీ అమ్మ మోకాలు అలాగే ఉంది. నా మీద కోపం వచ్చినప్పుడు మాత్రం నొప్పి ఉండదు.

ఆశీస్సులతో
మీ మామయ్య


క్వారీ క్యాంపు
ఏప్రిల్ 17

మామయ్యా,

నీ 4వ తారీఖు ఉత్తరం ఇక్కడ నా మంచం మీద ఉంది. నేను బయల్దేరిన రెండో రోజు వచ్చిందట. తిరిగి వచ్చాకే చదివాను. కరెంటుదే సరైనదని రాశావు. నాకు ముందు చెప్పు అని రాశావు. ఇన్ని రోజులూ ఆ కవరు ఇక్కడ దుప్పటి మీద పడి ఉంది.

ఆసుపత్రిలో ఆరు రోజులు నీ పక్కన కూర్చున్నాను. నువ్వు గోడవైపే చూశావు. నువ్వు ముఖం తిప్పుకుంటే నీతో మాట్లాడే దారి లేదు మామయ్యా. నీ కళ్ళ ముందుకి రావాలని అటువైపు వెళ్తే కళ్ళు మూసుకున్నావు. ఇక ఏం చెయ్యను? కాగితం మీద రాసి నీ దిండు పక్కన పెట్టాను, అది అలాగే ఉంది. ఏడో రోజు క్రషరు మొదలైంది, అమ్మ నన్ను వెళ్ళిపోమంది. కోపంతో అందో జాలితో అందో తెలియదు. వచ్చేశాను.

ఆ రోజు ఏం జరిగిందో నీకు సగమే తెలుసు. నువ్వు వినలేదు, కళ్ళు కూడా మూసుకున్నావు. అందుకని నేను చూసింది రాస్తున్నాను. చెప్పకుండా దాచడం ఇక నావల్ల కాదు.

ఆ బండిలో ఉన్నది నీ ఫ్యాను కాదు. మార్చి 20నే తీయించేశాను. నీ పార్శిలు 25న వచ్చింది. ఆ రోజే నీకు అంతా రాశాను, పోస్టు జీపు కోసం దాచాను. ఈలోగా నీ చిన్న ఉత్తరం వచ్చింది. నా దగ్గర ఇంకేముంది రాయడానికి అన్నావు కదా. అది చదివాక నా ఉత్తరం పోస్టు చెయ్యలేకపోయాను. దాని బదులు ఇంకోటి రాశాను. అందులో ఒక్క అబద్ధం కూడా లేదు, కావాలంటే తీసి చూడు. పార్శిలు అందిందన్నాను, బండి మరగడం లేదన్నాను. రెండూ నిజమే. నువ్వు ఆ రెండింటినీ కలుపుకుంటావని తెలిసే పక్కపక్కన పెట్టాను. పోస్టు చెయ్యని ఉత్తరం దీంతో పంపుతున్నాను.

8న వాకిట్లో ఇంజన్ ఆపి దిగగానే చెప్పేద్దామనుకున్నాను. నువ్వు గుమ్మంలోనే నిలబడి ఉన్నావు. నీ ముఖం అంత వెలిగిపోవడం నేనెప్పుడూ చూడలేదు. నన్ను కాదు, బండిని చూస్తున్నావు. అమ్మ ముందు లోపలికొచ్చి మంచినీళ్ళు తాగమంది. సరే, తాగి చెప్దామనుకున్నాను. ఒక్క గ్లాసు నీళ్ళ ఆలస్యం.

వంటింటి కిటికీలోంచి చూస్తే బానెట్టు ఎత్తి ఉంది. నువ్వు చొక్కా చెయ్యి పైకి మడిచావు. కళ్ళు మూసుకున్నావు. నీ క్లచ్చు ఎలా పట్టుకుంటోందో చూసుకోబోతున్నావని నాకు వెంటనే తెలిసింది. వేడి మీద ఆపు, చల్లారకముందే చెయ్యి పెట్టు అని నాకు నేర్పింది నువ్వే. చేతిలో గ్లాసు పట్టుకునే అరిచాను. నువ్వు చెవిటివాడివన్న సంగతి అరిచాకే గుర్తొచ్చింది. పరిగెత్తాను. వంటింటి నుంచి వాకిలికి పద్నాలుగు అడుగులు, తర్వాత కొలిచాను. పద్నాలుగు అడుగులు వెయ్యలేకపోయాను మామయ్యా.

డాక్టరు నీతో ఏం చెప్పాడో, నువ్వు ఎంత చదివావో తెలియదు. నాకు చెప్పింది ఇది. కుడిచేతికి రెండు వేళ్ళు పై కణుపు దాకా పోయాయి. మూడోది ఉంది. అరచేతిలో నరం తెగింది, కుట్టారు. చెయ్యి కదులుతుంది, కానీ స్పర్శ తిరిగి వస్తుందని చెప్పలేనన్నాడు.

నువ్వు తిట్టవు. అదే నేను భరించలేకపోతున్నాను.

పిడుగు


ఇల్లు
ఏప్రిల్ 29

పిడుగుకి,

ఇది ఎడమచేతి రాత. ఓపిగ్గా చదువుకో. ఈ కాగితానికి మూడు రోజులు పట్టింది.

నేను గోడవైపు తిరిగింది కోపంతో కాదే. ఏడుపు వస్తోంది. నువ్వు చూస్తే నువ్వూ మొదలుపెడతావని తిరిగాను. నువ్వు దిండు దగ్గర పెట్టిన కాగితం చదివాను, చదివాక మళ్ళీ అక్కడే పెట్టాను. నువ్వు చెప్పకుండా వెళ్ళిపోతే నా చెయ్యి చూడలేక వెళ్ళావనుకున్నాను. ఇద్దరం ఇద్దరమే.

ఆ ఫ్యాను తీయించకు. బాగా పనిచేస్తుంది, నాకంటే బాగా ఎవరికీ తెలియదు. ఇంజన్ ఆపాక దాన్ని కూడా ఆపడానికి ఒక స్విచ్చి పెట్టించు. పైరేకు మీద ఎర్ర రంగుతో, ఇంజన్ ఆగినా ఇది తిరుగుతుంది అని పెద్దగా రాయి. నాలాంటివాడు ఇంకోడు ఉంటాడు.

నీ తప్పు లేదని రాయను. ఉంది. నాదీ ఉంది. నాకు నిజం చెప్పాలంటే భయపడేలా నిన్ను పెంచాను.

మొన్న పళ్ళ డాక్టరు కారు తెచ్చి గుమ్మం ముందు ఆపాడు. నాకు ధైర్యం చెప్పడానికే తెచ్చి ఉంటాడు. కుడి అరచెయ్యి ఆనించాను. ఏమీ లేదు. గోడ మీద పెట్టినట్టుంది. ఎడమది ఆనించాను. ఇంజన్ నడుస్తోందని మాత్రం తెలిసింది, అంతకుమించి దానికి చేతకావడం లేదు. బాగానే ఉందండీ అని చెప్పి పంపేశాను. బాగుందో లేదో నాకు తెలియదు. నా జన్మలో మొదటిసారి ఒక బండి గురించి అబద్ధం చెప్పాను.

ఒకటి అడుగుతాను. నువ్వు కిటికీలోంచి అరిచానన్నావు. ఏమని అరిచావు? మీ అమ్మని అడిగితే వెనక్కి తిరిగి చెప్తోంది. వీపు చూసి ఈ ఒక్కటీ పోల్చుకోలేకపోతున్నాను. నువ్వే రాసి పంపు.

మామయ్య


క్వారీ క్యాంపు
మే 6

మామయ్యా,

స్విచ్చి పెట్టించాను. ఎర్ర రంగుతో రాశాను. వైరింగు మేస్త్రి చూసి ఈసారి నవ్వలేదు. తన దగ్గర ఫ్యాన్లు పెట్టించుకున్న మిగతా బళ్ళకి కూడా రాయమని బ్రష్షు నాకే ఇచ్చాడు. తొమ్మిది బళ్ళకి రాశాను.

నువ్వు అడిగింది రాయడానికి నాలుగు కాగితాలు చింపాను.

చెయ్యి తియ్యి అని అరిచి ఉంటానని నువ్వు అనుకుంటున్నావు. ఎవరైనా అదే అరుస్తారు. నేను అది అరవలేదు. "అది నీ ఫ్యాను కాదు మామయ్యా" అని అరిచాను. పరిగెడుతూ రెండోసారి కూడా అదే అరిచాను. పంతొమ్మిది రోజులు రాసి పంపలేకపోయిన మాట, అప్పుడు నోరు తెరిస్తే అదే వచ్చింది.

చాలా గట్టిగా అరిచాను. వీధి చివర పళ్ళ డాక్టరుకి కూడా వినపడిందట.

నీ పిడుగు